కల్యాణమండపంలో విమానాలు

మొన్న పక్కవాటా వాళ్ళ నీళ్ళ ఫిల్టరు చూడ్డానికి కంపెనీ మనిషి వచ్చాడు. అది పాడవలేదు. గడువు అయిపోయిందట, అంచేత తనంతట తాను నీళ్ళు ఇవ్వడం మానేసింది. పక్కవాటా కోడలు, "పైన నాలుగు మరమేకులేగా, విప్పి కడుక్కోకూడదా అండీ?" అని అడిగింది. "మేం తప్ప ఎవరూ తెరవకూడదండి. తెరిస్తే మాకు తెలిసిపోద్దండి" అన్నాడతను, చాలా మర్యాదగా.

నేను అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. ఆ మాట చెవిన పడగానే నా తల దానంతట అదే మేడవైపు తిరిగింది. మేడ మీద ఇప్పుడు వేరే వాళ్ళున్నారు. అంతకుముందు అద్దెకున్న ఆవిడే ఉండి ఉంటే చెప్పులు టపటపలాడించుకుంటూ దిగి వచ్చి, "తెరిస్తే మీకెలా తెలుస్తుందండీ? ముందు అది చెప్పండి" అని అతన్ని అరుగు మీద కూర్చోబెట్టేది. అతను చెప్పేదాకా వదిలేది కాదు.

ఆవిడ పోయినట్టు కార్తీకమాసంలో కబురొచ్చింది. రిటైరయ్యాక విశాఖపట్నంలో చెల్లెలి దగ్గర ఉండేది. ఆ చెల్లెలే ఫోన్ చేసి చెప్పింది. నేను ఏడుపుల మనిషిని కాను. ఆ పూట వంట చేసుకున్నాను, తిన్నాను. కానీ ఫిల్టరువాడి మాట విన్న దగ్గర్నుంచి ఆవిడ నా పక్కనే తిరుగుతున్నట్టుంది. అందుకని ఇది రాస్తున్నాను. నా చదువు ఐదో క్లాసుతో ఆగింది, అక్షరాలు వంకరగా ఉంటాయి, అచ్చువేసేవాళ్ళు సర్దుకోవాలి. ఆవిడ పేరు మాత్రం రాయను. తన పేరు గోడల మీదా పలకల మీదా వేస్తామంటే ఆవిడకి చిరాకు. ఇప్పుడు వద్దనడానికి ఆవిడ లేదు కదా అని నేను వేస్తే బాగుండదు.

మా ఇల్లు ధవళేశ్వరంలో, కాలువగట్టుకి దగ్గర. మా ఆయన కాలువల ఆఫీసులో పనిచేశారు. ఆయన పోయాక మేడ అద్దెకిస్తున్నాను. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళు వంటిల్లు చూస్తారు, గుమ్మం ఏ దిక్కో చూస్తారు, గోడల్లో చెమ్మ ఉందేమో చేత్తో తడిమి చూస్తారు. ఆవిడ వచ్చీ రాగానే, "మెయిన్ ఎక్కడండీ?" అంది. మెట్ల కింద ఫ్యూజుల పెట్టె తెరిచి, మెడ వంచి, చాలాసేపు చూసింది.

"ఈ వైరింగు ఎవరు చేశారండీ?"

"మా ఆయన చేయించారు."

"చేసినాయన ఉన్నారా?"

"పోయాడు."

"మరి పాడైతే?"

"ఇంతవరకూ పాడవలేదుగా" అన్నాను.

ఆవిడ నన్ను డాక్టరు చూసినట్టు చూసింది. దిగిన వారంలోనే ఆ పెట్టె ముందు పీట వేసుక్కూర్చుని, ఏ ఫ్యూజు ఏ గదిదో కనిపెట్టి, తలుపు లోపలివైపు తెల్ల పెయింటుతో రాసేసింది. ఎవరూ అడగలేదు. అలా రాసినందుకు అద్దెలో ఏమైనా తగ్గించమంటుందేమోనని చూశాను. అడగలేదు. అప్పుడు కొంచెం మంచి అభిప్రాయం కలిగింది.

సన్నగా, పొడుగ్గా ఉండేది. జడ ఎప్పుడూ సగమే అల్లి వదిలేసినట్టుండేది. ముఖం కడుక్కోవడం మర్చిపోయిన రోజు ఉందేమో గాని, హ్యాండుబ్యాగులో స్క్రూడ్రైవరు పెట్టుకోవడం మర్చిపోయిన రోజు లేదు. కుంకుమ భరిణె, మాత్రలు, స్క్రూడ్రైవరు, మూడూ ఒకే అరలో ఉండేవి. దానివల్ల స్క్రూడ్రైవరు పిడి ఎర్రగా ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ ఒక్క విషయంలోనే మా ఇద్దరికీ మొదటిరోజు నుంచీ సఖ్యత.

మిగతావాటిలో సఖ్యత కుదరడానికి కొంత టైము పట్టింది. మొదటివారం నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఏం చెప్పినా ఆవిడ తిరిగి అదే అనేది.

"పంపులు పొద్దున్న ఆరింటికి వదులుతారు, ఏడింటికి కట్టేస్తారు."

"ఆరింటికి వదులుతారు, ఏడింటికి కట్టేస్తారు."

"గేటు గడియ నేనే వేస్తాను."

"గడియ మీరే వేస్తారు."

"ఏంటమ్మాయ్, వెక్కిరిస్తున్నావా?" అన్నాను.

"అయ్యయ్యో, లేదు పిన్నిగారూ! మా విమానాల శాఖలో అలవాటండి. కిందివాళ్ళు ఒక మాట చెబితే పైన విమానం నడిపేవాడు ఆ మాట మళ్ళీ అనాలి. అనకపోతే వినలేదని లెక్క. నేను వాళ్ళతో మాట్లాడేదాన్ని కూడా కాదండి, వాళ్ళు మాట్లాడే మిషన్లు బాగుచేసేదాన్ని. అయినా నాకు అంటుకుంది."

ఆ సంగతి తెలిశాక, పోనీ మంచి అలవాటే కదా అనిపించింది. పాలతను రోజూ లీటరున్నరకి బదులు లీటరు పోసి, "మీరలాగే చెప్పారు కదండి" అనేవాడు. మర్నాటి నుంచి అతని చేత తిరిగి చెప్పించడం మొదలుపెట్టాను. "రేపు లీటరున్నర." "ఆయ్, రేపు లీటరున్నరండి." అంతే, మళ్ళీ పొరపాటు జరగలేదు. వీధిలో వాళ్ళు మా ఇంటి ముందు నిలబడి నవ్వుకునేవారు. నవ్వుకుంటే నవ్వుకోనీ, పాలు సరిగ్గా వచ్చాయి.

ఆవిడ వస్తువులు కొనే పద్ధతి చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. ఒకసారి నాకు మిక్సీ కొనాల్సొచ్చి రాజమండ్రి మెయిన్‌రోడ్డుకి ఇద్దరం వెళ్ళాం. కొట్టతను రంగులు చూపిస్తున్నాడు. ఆవిడ మిక్సీని బల్ల మీద బోర్లించి, బ్యాగులోంచి స్క్రూడ్రైవరు తీసింది.

"అమ్మా, అమ్మా! కొత్త పెళ్ళికూతుర్ని అలా తిప్పి చూడకూడదండీ!" అని పరిగెత్తుకొచ్చాడు.

"ఈ మేకు తలకాయేంటండీ ఇలా ఉంది? మామూలు స్క్రూడ్రైవరు పట్టట్లేదు."

"అది కంపెనీ మేకండి. కంపెనీవాళ్ళ దగ్గరే ఉంటాది దానికి పట్టేది."

"అయితే ఇది కంపెనీదే. మాది కాదు" అని మిక్సీని జాగ్రత్తగా తిరగేసి అతనికి అప్పగించింది.

కొట్టు కొట్టంతా తిరగేయించి, చివరికి ఏ రంగూ లేని, ముద్దొచ్చే రూపం లేని ఒక మిక్సీ దగ్గర ఆగింది. దాని మేకులు మామూలువి. లోపల మోటారులో అరిగిపోయే బొగ్గు ముక్కలు ఏ కొట్లోనైనా దొరుకుతాయట. ధర కూడా తక్కువే. ఆ మిక్సీ ఇప్పటికీ నడుస్తోంది. అందులో ఆవిడని మెచ్చుకునేదేమీ లేదు, నేను వాడే తీరు కూడా జాగ్రత్తగా ఉంటుంది.

ఇంకొక సంగతి. విమానం వెళ్తుంటే పిల్లలూ పెద్దలూ తలెత్తి చూస్తారు. నేనూ చూస్తాను. విమానాల శాఖలో ఉద్యోగం చేసే ఆవిడ మాత్రం ఎప్పుడూ చూసేది కాదు. మాట మధ్యలో ఆపి, నేలకేసి చూస్తూ, చప్పుడు దూరమయ్యేదాకా ఊరుకుని, తర్వాత ఎక్కడ ఆపిందో అక్కడ్నుంచి అందుకునేది. "పైకి చూసి నేనేం చెయ్యనండీ? నా పనంతా కింద" అనేది. అన్నం తింటున్నా అంతే, ముద్ద చేతిలోనే ఉండేది.

ఇంతకీ ఆవిడ ఈ ఊరికి ఎందుకొచ్చిందో చెప్పాలి. మా వీధి చివర ఒక కల్యాణమండపం ఉంది. కొత్తవి, ఏసీవి, పెద్దవి రోడ్డు మీదకి వచ్చాక దీన్లో పెళ్ళిళ్ళు తగ్గిపోయాయి. దాన్ని వాళ్ళ శాఖ అద్దెకి తీసుకుంది. పెద్ద హాలు, సొంత జనరేటరు, రాత్రింబవళ్ళు కాపలా మనిషి. అంతకంటే ఇంకేం కావాలంది ఆవిడ. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే వేదిక మీద పెద్ద పెద్ద తెరలు పెట్టారు. వంటలు చేసే షెడ్డులో ఇనప బీరువాల్లాంటి మిషన్లు. ఒకరోజు నన్ను తీసుకెళ్ళి చూపించింది. తెరల మీద చిన్న చిన్న చుక్కలు, పక్కన అంకెలు, మెల్లగా కదుల్తున్నాయి. గోడకి ఇంకా ఎవరిదో పెళ్ళినాటి కాగితప్పూల దండ వేలాడుతోంది.

"ఇవన్నీ ఇప్పుడు మన నెత్తిన ఎగురుతున్నాయా?" అన్నాను.

"లేదండీ. ఇవి ఉత్తుత్తి విమానాలు. మేమే పుట్టించినవి. కొత్త మిషను నిజం విమానాలు చూసేముందు వీటిని చూడ్డం నేర్చుకోవాలి కదా."

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. చాలాచోట్ల విమానాల రాకపోకలు చూపించే మిషన్లు ఎప్పుడో పైదేశం కంపెనీ దగ్గర కొన్నవి. కొన్ననాడు గొప్పవే. ఇప్పుడు ముసలివైపోయాయి, లోపలి ముక్కలు తయారుచేసేవాళ్ళు లేరు. చిన్న మార్పు కావాలన్నా ఆ కంపెనీ మనిషి సముద్రాలు దాటి రావాలి, వచ్చేదాకా ఆగాలి, అడిగినంత ఇవ్వాలి. అందుకని మనదేశం కంపెనీ ఒకదానిచేత కొత్తవి చేయిస్తున్నారు. వాటిని పరీక్షపెట్టి ఒప్పుకోవడం ఆవిడ పని. ఆవిడ చేతికింద కాలేజీలు దాటొచ్చిన కుర్ర ఇంజనీర్లు కొందరు. వాళ్ళని ఆవిడ 'పిల్లలు' అనేది.

"మిషను ముసలిదైతే నాకు బాధ లేదు పిన్నిగారూ. మీరూ ముసలివారే, నడుస్తున్నారుగా. దాని లోపలి గుట్టు మన చేతిలో లేకపోవడమే బాధ."

"మధ్యలో నన్నెందుకు లాగుతావు?" అన్నాను.

ఒక వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, సాయంత్రం ఇద్దరం గట్టు మీద నడుస్తున్నాం. మా వైపు ఏటా పంట చేతికొచ్చాక నీళ్ళు ఆపేస్తారు. ఎండిన కాలువలో మనుషులు దిగి పూడిక తీస్తారు, నీళ్ళని ఆపే లాకుల తలుపులకి మేకులు బిగిస్తారు, తారు పూస్తారు. మా ఆయన ఏడాది పొడుగునా పేరుకున్న రిపేర్లన్నీ ఆ రోజులకే దాచుకునేవారు. ఆ అలవాటుకొద్దీ నేను, "మీరూ అలాగే ఓ నెల్లాళ్ళు విమానాలు కట్టేసి, పాతవి పీకి కొత్తవి పెట్టుకోవచ్చుగా? ఎందుకింత గోల?" అన్నాను.

ఆవిడ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఎండిన కాలువలో తలుపుకి తారు పూస్తున్న మనిషిని చాలాసేపు చూసింది.

"మాకు కాలువ కట్టేయడమంటూ లేదండీ" అంది. "నీళ్ళు పారుతూండగానే తలుపు మార్చాలి. పాతదీ కొత్తదీ పక్కపక్కనే పెట్టి, రెండూ ఒకే మాట చెబుతున్నాయా లేదా చూసుకుంటూ, ఒకరోజు చల్లగా పాతదాన్ని పక్కకి జరపాలి. కింద పొలంవాడికి తలుపు మారినట్టే తెలియకూడదు."

"మరి ఆ మారుస్తున్నప్పుడు ఏదైనా అయితే?"

"అందుకే ఎవరికో ఫోన్ చేసి వాళ్ళొచ్చేదాకా కూర్చోడం కుదరదు."

అప్పుడు నాకు ఆవిడ పట్టుదల అర్థమైంది. దానికి ముందు, ఒట్టి మొండితనమేమో అనుకున్నాను.

కొత్త మిషన్లు చేసే కంపెనీ తరఫున వచ్చే పెద్దాయన చెడ్డవాడేం కాదు. వచ్చినప్పుడల్లా నాకు పూతరేకులు తెచ్చేవాడు. తీపి తగ్గించమని చెప్పాను, మర్నాడు బెల్లంవి తెచ్చాడు. కొత్త మిషన్ల లోపలి గుట్టు కూడా తమకే అప్పగించాలని ఆవిడ పట్టు. ఒక ఆదివారం మా అరుగు మీదే దాని గురించి ఇద్దరికీ వాదన జరిగింది.

"మీకెందుకు మేడమ్ ఈ తలనొప్పి? మేం లేమా? ఒక్క ఫోన్ కొట్టండి, చూసుకుంటాం."

"మీరుంటారు. మీ కంపెనీ ఉంటుందా? ఉన్నా ఇదే మిషను చూస్తుందా, మానేసి ఇంకోటి కొనమంటుందా?"

"అది కాదు మేడమ్. మీ వాళ్ళు చిన్నపిల్లలు. రేపు నడుస్తుండగా ఆగిపోతే, మీరు ముందుండి చెప్పకపోతే, వాళ్ళు చెయ్యగలరా? నిజం చెప్పండి."

ఆవిడ ఎప్పుడూ వెంటనే జవాబిచ్చే మనిషి. ఆరోజు స్తంభానికి ఆనుకుంది. ఆయన వెళ్ళాక కూడా అలాగే కూర్చుంది.

చివరికి పై ఆఫీసువాళ్ళు తగువు తీర్చారు. ఢిల్లీ నుంచి ఒక అధికారి వస్తాడు. కల్యాణమండపంలో కూర్చుని, తెరల మీద ఉత్తుత్తి విమానాలు తిరుగుతూండగా, తనకి తోచినట్టు మిషన్ని పాడుచేస్తాడు. కంపెనీ మనుషులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. ఆవిడ పిల్లలు సాయంత్రంలోగా దాన్ని మళ్ళీ లేపాలి. లేపితే, లోపలి గుట్టంతా శాఖకి అప్పగించి కంపెనీ పక్కకి తప్పుకోవాలి. లేపలేకపోతే, మూత తెరిచే హక్కు ఇకముందు కంపెనీదే, ఆ ఒప్పందం మీద ఆవిడే సంతకం పెట్టాలి. ఏళ్ళ తరబడి ఆవిడ ఏ సంతకం పెట్టనని కూర్చుందో అదే.

ముందురోజు నా దగ్గరికి వచ్చింది.

"పిన్నిగారూ, రేపు కంపెనీవాళ్ళకి భోజనం మీరు పెట్టగలరా? హోటలుకి పంపితే వాళ్ళ ఫోన్లు ఆగవండి."

"పెడతాను. విస్తట్లో వదిలితే మాత్రం ఊరుకోను."

"విస్తట్లో వదలకూడదు."

"ఫోన్ల సంగతి నేను చూసుకుంటాను."

మర్నాడు కంపెనీ పెద్దాయనా, ఆయన మనుషులిద్దరూ వచ్చారు. పెరట్లో కోసిన అరటిపువ్వు కూర, కంద బచ్చలి, దోసకాయ పప్పు, చారు. ఖాళీగా ఉన్న పెద్ద స్టీలు డబ్బా గుమ్మంలోనే పెట్టాను. "చెప్పులు అక్కడ, ఫోన్లు ఇక్కడ" అన్నాను. పెద్దాయన నవ్వుతూ వేశాడు. కుర్రాళ్ళిద్దరూ సొంత కిడ్నీ ఇస్తున్నట్టు వేశారు.

వాళ్ళ వెనకాలే ఆవిడ లోపలికొచ్చింది. తన ఫోను కూడా డబ్బాలో వేసింది.

"నువ్వెందుకొచ్చావ్? అక్కడుండద్దూ?" అన్నాను.

"నేనూ బయటే ఉండాలి పిన్నిగారూ. ఆఫీసరుగారికి చెప్పే వచ్చాను."

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. "అదేంటి మేడమ్? మమ్మల్ని కదా ఉండొద్దన్నారు. మీరూ ఇక్కడుంటే అక్కడెవరున్నట్టు?"

"పిల్లలున్నారు."

"వాళ్ళకి తెలుసా?" అన్నాను నేను.

"తెలీదండి. డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పి వచ్చేశాను. ముందే చెబితే రాత్రంతా నా చుట్టూ కూర్చుని అన్నీ అడిగేసుకునేవాళ్ళు." తర్వాత పెద్దాయనవైపు తిరిగి, "ఆవేళ మీరడిగింది నిజమే. మీ దగ్గర తాళంచెవి లాక్కుని నా కొంగున ముడేసుకుంటే ఏం బాగుపడ్డట్టండీ? నేనూ వచ్చే ఏడు రిటైరై వెళ్ళిపోయేదాన్నే" అంది.

ఆయన వెళ్ళి విస్తరి ముందు కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు.

పప్పు వడ్డిస్తూండగా డబ్బాలో ఫోను మోగింది. స్టీలు డబ్బా కదా, ఇల్లంతా గింగురుమంది. పాతకాలం గంట చప్పుడు, ఆవిడదే. అందరం డబ్బాకేసి చూశాం. మోగి మోగి ఆగింది. ఇంకో ముద్ద తినేలోగా మళ్ళీ మోగింది. ఆవిడ అన్నం కలిపిందే గాని నోట్లో పెట్టలేదు. వేళ్ళతో అన్నాన్ని విస్తరి చుట్టూ తిప్పుతోంది. మళ్ళీ మోగింది.

కంపెనీ కుర్రాడొకడు మూతి బిగించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. పెద్దాయన వాడికేసి చూసేసరికి తలొంచుకున్నాడు.

"ఎత్తండి మేడమ్" అన్నాడాయన నెమ్మదిగా. "పాపం పిల్లలు కంగారుపడుతున్నట్టున్నారు. ఒక్కమాట చెప్పి పెట్టేయండి. నేనెవరికీ చెప్పన్లెండి."

వెటకారం కాదది. నేను ఆయన ముఖం చూశాను. నిజంగానే జాలిపడ్డాడు. అందుకే అది మరీ ప్రమాదం. ఆవిడ ఎడంచెయ్యి డబ్బావైపు వెళ్ళింది. నేను గరిటె పక్కన పెట్టి, డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుని, మూత మీద చెయ్యి వేశాను. మూత కింద ఫోను తేనెటీగలా కొట్టుకుంటోంది.

"భోజనం మధ్యలో లేవకూడదు. తిను."

"పిన్నిగారూ, నిజంగానే ఏదైనా పెద్దది..."

"అవి ఉత్తుత్తి విమానాలేగా?"

"ఉత్తుత్తివే."

"పడితే ఎవరికి దెబ్బ?"

"నాకేనండి" అంది.

"అయితే తిను."

తినలేదు. కానీ చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇంకోసారి మోగింది. తర్వాత మోగలేదు. మోగినంతసేపూ ఒక బాధ, మానేశాక మరో బాధ. ఆవిడ చెవులు డబ్బా దగ్గరే ఉన్నాయి. పిల్లలు చేతులెత్తేశారా, ఆఫీసరు ఆపెయ్యమన్నాడా? పెద్దాయన కూడా తినడం ఆపి వీధికేసి చూస్తున్నాడు. ఆయన గెలిచే ఆట అది, అయినా ఆయన ముఖంలో సంతోషం లేదు. నేను మజ్జిగ పోశాను. ఎవరూ విస్తట్లో ఏమీ వదల్లేదు, ఆవిడ తప్ప. ఆరోజుకి ఊరుకున్నాను.

చేతులు ఎండిపోతున్నా ఎవరూ విస్తరి ముందునుంచి లేవలేదు. చాలాసేపటికి వీధిలో స్కూటరు ఆగింది. ఆవిడ పిల్లల్లో ఒకతె, యానాం అమ్మాయి, మెళ్ళో ఆఫీసు బిళ్ళతో గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది.

"మామ్మగారూ, మా మేడమ్ ఏ డాక్టరు దగ్గరికి..." అంటూ, విస్తరి ముందు కూర్చున్న ఆవిడని చూసి నోరు తెరిచేసింది. "మేడమ్! ఇక్కడున్నారేంటండీ బాబూ! ఫోనెత్తకపోతే మీకేమైపోయిందోనని ఆస్పత్రులన్నీ తిరిగొస్తున్నానండి!"

"అది సరే. మిషను?"

"అది లేచి చాలాసేపైందండి."

ఆవిడ ఎడంచేత్తో కళ్ళజోడు సర్దుకుంది.

"అలా ఎలా? అసలు తప్పెక్కడుంది? ముందు తప్పు కనుక్కోకుండా ఏదీ ముట్టుకోవద్దన్నానుగా?"

"అన్నారండి. అదే అడుగుదామనే ఫోన్ చేశాం. ఎంతకీ ఎత్తలేదు. తెర మీద విమానాలు అలాగే నిలబడిపోయాయండి. ఇంక మేమే అనుకుని, ముందు వాటన్నిటినీ పక్క మిషను మీదకి తెచ్చేసుకున్నాం. అవి మళ్ళీ కదిలాయి. అప్పుడు తీరిగ్గా కూర్చుని మొదటిదాని మూత తీసి వెతికాం. దొరికింది. మార్చేశాం. ఆఫీసరుగారు కాగితం మీద సంతకం కూడా పెట్టేశారండి."

"మా పుస్తకంలో కూడా ముందు తప్పు కనుక్కోమనే రాశాం కదమ్మా" అన్నాడు పెద్దాయన.

"ఆయ్, రాశారండి. కానీ అప్పటికి విమానాలు గాల్లో ఉన్నాయి కదండీ."

ఆయన తల ఊపాడు. ఆ అమ్మాయి ఆవిడకేసి తిరిగి, కొంచెం భయంగా, అయినా ఆపుకోలేక అనేసింది.

"మీరు ఫోనెత్తుంటే వద్దనేవారండి."

నేను ఆవిడ ముఖం చూశాను. ఒక్క క్షణం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. మరుక్షణం ఆ ముఖమే మెత్తబడింది. ఎండలో నడిచొచ్చి చెంబుడు నీళ్ళు తాగినవాళ్ళ ముఖంలా ఉంది.

"నిజమే" అంది. చల్లారిపోయిన అన్నం మీద ఇంత మజ్జిగ పోయించుకుని, మొత్తం తినేసింది.

పెద్దాయన చెయ్యి కడుక్కుని, తన ఫోను తీసుకున్నాడు. "రేపొచ్చి అన్నీ అప్పజెబుతాం మేడమ్. ఒక్క కాగితం కూడా దాచం" అన్నాడు. నాకు దణ్ణం పెట్టి, కంద బచ్చలి బాగుందని చెప్పి వెళ్ళాడు. కుర్రాళ్ళు ఆయన వెనకాల ఫోన్లు చూసుకుంటూ వెళ్ళారు.

యానాం అమ్మాయి స్కూటరు దగ్గర నిలబడే ఉంది. "రండి మేడమ్, ఒకసారి చూద్దురుగాని. అందరూ మీకోసం చూస్తున్నారు."

"నేనెందుకు? మీరున్నారుగా" అంది ఆవిడ.

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. ఆవిడ మెల్లగా మెట్లెక్కి తన గదిలోకి వెళ్ళింది. పగటిపూట ఆవిడ నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి ఏదో పనిమీద పైకి వెళితే, తలుపు తీసే ఉంది. కళ్ళజోడు కూడా తియ్యకుండా, గోడవైపు తిరిగి, చిన్నపిల్లలా నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి వచ్చాను.

కిందికొచ్చి గిన్నెలు తోముదామని కుళాయి తిప్పితే నీళ్ళు లేవు, ట్యాంకు ఖాళీ అయింది. మోటారు వేద్దామని స్విచ్చు దాకా వెళ్ళాను. ఆ మోటారు కింద, సరిగ్గా మేడ మీద ఆవిడ మంచం ఉన్నచోటే మోగుతుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, చేద పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, గిన్నెలన్నీ తోమడానికి సరిపడా నీళ్ళు నూతిలోంచి తోడుకున్నాను.